పద్మ, శ్రీనగర్ కాలనీ

మా చిన్నప్పుడు... అని మొదలుపెట్టినందుకు ముందుగా పెద్దలందరికీ సాష్టాంగపడి క్షమాపణ చెప్పుకుంటున్నాను. ఆ మాట అనడానికి ఒక అర్హత ఉండాలి. కనీసం ఒక కాలవలోనైనా ఈత కొట్టి ఉండాలి. నేను పెరిగింది అమీర్‌పేటలో... నల్లా రోజు విడిచి రోజు వచ్చేది. ఈతకు అంతకుమించి నీళ్ళు లేవు. మన్నించి చదవగలరు.

మా గల్లీలో అటు చూస్తే కంప్యూటర్ కోర్సు బోర్డు, ఇటు చూస్తే ఇంకో కంప్యూటర్ కోర్సు బోర్డు. ఆ రెండింటి మధ్య నలిగిపోతూ ఒక అద్దె పుస్తకాల షాపు ఉండేది. నడిపేది యాదన్న. పుస్తకం చదివినవాళ్ళు చివరి పేజీలో పెన్సిల్‌తో తీర్పు రాయడం అక్కడి ఆచారం... "సూపర్", "టైం వేస్ట్", "హీరోయిన్‌కి బుద్ధి లేదు". దాని కింద ఇంకొకరి జవాబు: "నీకుందా?" పక్కనే పేరు, పేట. కొత్తగా వచ్చినవాళ్ళు ముందు ఆ పేజీ తిప్పి చూసి, తర్వాతే పుస్తకం తీసుకునేవారు.

ఖాలిద్ నా క్లాస్‌మేటు. తొమ్మిదో తరగతి. వాళ్ళ ముత్తాత యెమెన్ నుంచి నిజాం ఫౌజులో కొలువుకు వచ్చాడట. ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరూ యెమెన్ మొహం చూడలేదు. వాళ్ళ నాన్న పంజాగుట్టలో ఫ్రిజ్‌లు బాగుచేసేవారు. అయినా సరే, క్లాసులో వాడు షేక్. "ఒంటె ఎక్కడ కట్టేసొచ్చావురా?" అని రోజూ అడిగేవాళ్ళం. ఆ అడిగేవాళ్ళ సంఘానికి నేనే కార్యదర్శిని. వాడు నవ్వి ఊరుకునేవాడు.

ఒకరోజు యాదన్న తెచ్చిన పాత ఇంగ్లీషు పుస్తకాల మూటలో ఖాలిద్‌కో నవల దొరికింది. అట్ట చిరిగిపోయింది. ఏదో చల్లటి దేశంలో చదువుకునే అరబ్బు కుర్రాడి కథ. మర్నాడు బడికి ఊగిపోతూ వచ్చాడు.

"అరే, గా పోరడు అచ్చం నా లెక్కనే ఉన్నడు రా! ఇంట్ల ఒక పేరు, బడిల ఒక పేరు. ముసలి దాదా అరబ్బీల తిడితె సమజైతది... తిరిగి జవాబు చెప్పనీకి రాదు."

"వాడు హీరోకి ఫ్రెండా?" అన్నాను. నాకు తెలిసిన కథల్లో ముస్లిం అంటే హీరో స్నేహితుడే. సగం కథకల్లా ప్రాణత్యాగం చేసేవాడు.

"ఫ్రెండ్ గాదు బే. వాడే హీరో. ఆఖరిదాక బతికే ఉంటడు."

ఆ వారమే వాడూ ఒక లాంగ్ నోటుబుక్కులో కథ మొదలుపెట్టాడు. ముత్తాత కథ. తెలుగులో. ఉర్దూలో రాస్తే వాళ్ళ నాన్న చదివేస్తారని భయం.

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ ఆ నవల చివరి పేజీ ఖాళీగా ఉండిపోయింది. ఖాలిద్ రోజూ సాయంత్రం షాపుకెళ్ళి తిప్పి చూసేవాడు. ఒక నెల... రెండు నెలలు. ఒక్క గీత లేదు.

"మా లెక్కటోళ్ళ కథ ఎవనికీ వద్దు రా. నేను రాసుడు సుత బేకార్. బంద్ చేస్తున్న" అన్నాడు. వేళాకోళం కాదు. నోటుబుక్కులో మిగిలిన పేజీల్లో లెక్కలు చేసుకుంటానన్నాడు.

మరుసటి వారం ఆ పేజీలో ఒక ముక్క కనబడింది. "చాలా బాగుంది. ఏడ్చాను. – పద్మ, శ్రీనగర్ కాలనీ."

ఖాలిద్ కౌంటరు మీదికి ఎక్కినంత పని చేశాడు. "అన్నా, ఎవరన్నా గీ పద్మ గారు?"

"నాకేమెరుక? మస్తుమంది వస్తరు పోతరు" అన్నాడు యాదన్న. కళ్ళద్దాలు సర్దుకుని ఆ పేజీ చూశాడు. "రాత మాత్రం కోడి కెలికినట్టున్నది."

"అంటె డాక్టర్ కావచ్చు" అన్నాడు ఖాలిద్ భక్తిగా.

ఆ ముక్క కిందే జవాబు రాశాడు. "పద్మ గారికి నమస్కారం. నేను కూడా ఇలాంటి కథ రాస్తున్నాను. వచ్చే నెల మొదటి ఆదివారం సాయంత్రం ఐదు గంటలకు ఇక్కడ ఉంటాను. దయచేసి చదవగలరు. – ఖాలిద్, పంజాగుట్ట."

నెల రోజుల్లో కథ పూర్తయింది. ఆదివారం ఇస్త్రీ చొక్కా, అత్తరు, చంకలో నోటుబుక్కు... నన్ను తోడు రమ్మన్నాడు. షాపు మెట్ల మీద కూర్చున్నాం. ఆడవాళ్ళు ఎవరొచ్చినా లేచి నిలబడేవాడు. ఒకావిడ తిన్నగా వాడి దగ్గరికే వచ్చింది.

"బాబూ, జావా కోర్సు ఎక్కడ చెప్తారు?"

పాపం, వెళ్ళి చూపించి వచ్చాడు.

ఆరైంది. ఏడైంది. యాదన్న షట్టరు సగానికి దించాడు.

"రాలే" అన్నాడు ఖాలిద్. కాసేపు అట్ట నిమురుతూ కూర్చున్నాడు. తర్వాత నోటుబుక్కు నా ఒళ్ళో పడేశాడు. "ఇగ నువ్వే సదువు. ఏం జేస్తం."

ఇంటికెళ్ళి చదివాను. నవాబు గారి దేవిడీ గేటు దగ్గర కాపలా కాస్తూ, కూరగాయలమ్మే ఆవిడ దగ్గర తెలుగు నేర్చుకున్న యెమెన్ సిపాయి. ఆయన నేర్చుకున్న మొదటి మాట "కొసరు".

మర్నాడు బడిలో అడిగాను. "మీ ముత్తాత ఇంటికి ఉత్తరం రాశాడా లేదా? అది రాయలేదేంటిరా?"

"నువ్వు నిజంగ సదివినవా?"

ఆ ప్రశ్న నాలుగుసార్లు అడిగాడు. ఉత్తరం గురించి ఇంకో మూడు పేజీలు రాసుకొచ్చాడు. ఒంటె సంగతి ఆ తర్వాత నేనెప్పుడూ ఎత్తలేదు.

ఇప్పుడు ఆ షాపు లేదు. అక్కడా కోర్సులే. మనం ఏది రాసినా పది నిమిషాల్లో వంద బొటనవేళ్ళు లేస్తున్నాయి... ఒక్క పెన్సిల్ గీత కోసం రెండు నెలలు తిరిగే ఓపిక ఎవరికీ లేదు. నాకూ లేదు. మీ పేటల్లో అద్దె పుస్తకాల చివరి పేజీల్లో ఏమేం రాసేవారో గుర్తుంటే కింద చెప్పండి.

ఖాలిద్ ఇంకా రాస్తూనే ఉన్నాడు. మొన్న కూడా అన్నాడు, "ఆ పద్మ గారు ఒక్కసారి దొరికితె సలాం కొట్టాలె రా" అని.

అరే ఖాలిద్... శ్రీనగర్ కాలనీలో ఆ పద్మ గారు లేరు. ఎడమచేత్తో ఆ ముక్క రాసింది నేనే. అప్పటికి నేను ఆ నవల ఒక్క పేజీ కూడా చదవలేదు. ఏడవనూ లేదు. ఏడ్చింది నీ నోటుబుక్కు చదివినప్పుడు.