పార్కు ఉయ్యాలల్లో అట్లతద్దె

మా ఇంటి వెనక పార్కు చుట్టూ సిటీవాళ్ళు ఏడాదిగా కట్టి ఉంచిన కంచె మొన్ననే తీసేశారు. పిల్లల ఆటస్థలమంతా కొత్తగా చేశారు, మనవరాలినీ మనవడినీ కాసేపు తిప్పుకు రమ్మని శనివారం సాయంత్రం మా అమ్మాయి నన్ను ఇంట్లోంచి బయటికి తోలింది. పిల్లలకి నన్ను తోడిచ్చి పంపుతున్నట్టే మాట్లాడింది గాని, నిజానికి నాకు పిల్లల్ని తోడిచ్చిందన్న సంగతి నాకూ తెలుసు, పిల్లలకీ తెలుసు. మా ఆవిడ పోయాక నేను ఆ పక్కకి అడుగు పెట్టలేదు.

కొత్త పార్కు బాగుంది. బాగుందనే అనాలి. కెనడాలో మా బర్నబీ వానలకి చెప్పుల్ని మింగేసే బురద ఉండే చోట ఇప్పుడు నీలం రంగు రబ్బరు నేల, కాలు వేస్తే పరుపులా దిగుతుంది. ఇనుప గొలుసుల ఉయ్యాలలు పోయి, నలుగురు పిల్లలు ఒక్కసారే పడుకునేంత వల బుట్ట ఉయ్యాల ఒకటి వచ్చింది. ఇవన్నీ చూస్తే ఏదో ఒకటి అనిపించాలి కదా అని బెంచీ మీద కూర్చుని కాసేపు ఎదురు చూశాను. ఏమీ అనిపించలేదు. పళ్ళ డాక్టరు మత్తుసూది వేశాక పెదవి ఎలా ఉంటుందో నా మనసు ఈమధ్య అలా ఉంటోంది. ఉందని తెలుస్తుంది, గిల్లితే మాత్రం పలకదు.

మీకూ గుర్తుండే ఉంటుంది, రెండు మూడేళ్ళ కిందట ఇక్కడ ఏ బస్సెక్కినా వెనక సీట్లోంచి తెలుగు వినపడేది. ఊళ్ళో ఇళ్ళ కింద అద్దెకిచ్చే బేస్‌మెంట్లన్నీ స్టూడెంట్లతో నిండిపోయాయి. మా బేస్‌మెంట్లోనూ ముగ్గురమ్మాయిలు ఉండేవాళ్ళు. అందులో కాకినాడ అమ్మాయి కోర్సు పూర్తి చేసి వర్క్ పర్మిట్‌కి అప్లై చేసి కూర్చుంది. తను చదివిన కోర్సుకి పర్మిట్ ఇస్తారో ఇవ్వరో ఎవరూ తేల్చి చెప్పడం లేదు. వస్తే ఉంటుంది, రాకపోతే పెట్టె సర్దుకోవాలి. ఫోన్ మోగితే చాలు, చేతిలో ఉన్నది కింద పడేసేది. మా కప్పులు మూడో నాలుగో ఆ ఖాతాలోనే పోయాయి.

ఆ అక్టోబర్లో మా ఆవిడ ఆ పిల్ల చేత అట్లతద్దె నోము పట్టించింది. మంచి మొగుడి కోసం పట్టే నోము పర్మిట్‌కి పనిచేస్తుందా అని నేను అడిగితే, రెండూ దేవుడి దయ మీద వచ్చేవే, రెండింటికీ రెన్యూవల్ పేచీలు తప్పవు, మీరు అట్టే మాట్లాడక అట్టు తినండి అంది. మాటకి మాట అంటించడంలో ఆవిడ ముందు నేనెప్పుడూ స్టూడెంటునే. నాకసలు పర్మిటే లేదు.

తెల్లవారుజామునే లేచి పెరుగన్నం తిన్న పిల్ల, ఆ తర్వాత మంచినీళ్ళు కూడా ముట్టకుండా కాఫీ షాపులో డ్యూటీ చేసి వచ్చింది. మా ఆవిడ మన దేశం నుంచి మోసుకొచ్చిన ఇనప పెనం మీద అట్లు పోసి, డబ్బాలో సర్ది, ఉయ్యాలలున్న చోటే చంద్రుణ్ణి చూద్దామని మమ్మల్నందరినీ పార్కుకి నడిపించింది. ఇక్కడి అక్టోబర్లో చంద్రుడి కోసం ఆకాశంలో వెతకడమంటే నా బట్టతల మీద పాపిడి వెతకడమే. ఏడు దాటింది, సన్నని తుంపర మొదలైంది, పిల్ల పెదవులు ఎండిపోయాయి. చంద్రుణ్ణి చూడకుండా తింటే నోము చెడుతుందని, నోము చెడితే పర్మిట్ చెడుతుందని దాని భయం. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

అప్పుడు మా ఆవిడ ఆ పిల్ల చేత కాకినాడకి వీడియో కాల్ చేయించింది. అక్కడ అప్పటికే తెల్లారింది. తదియ చంద్రుడు పడమట ఇంకా దిగలేదు. వాళ్ళమ్మ ఫోన్ పట్టుకుని రొప్పుతూ మేడెక్కి, “వదినగారూ, అదుగో, ట్యాంకు పక్కన, కనపడుతున్నాడా?” అంది. వెలిసిపోయిన అప్పడంలా ఉన్నాడు చంద్రుడు. బర్నబీ వానలో, గొడుగు కింద, అందరం ఫోన్‌కి దండం పెట్టాం.

“ఆంటీ, ఇది లెక్కలోకి వస్తుందా?”

“ఉన్నది ఒక్కడే కదే అమ్మాయ్, ఎక్కడ చూస్తే ఏం? ముందు తిను.”

తిన్నాక ఉయ్యాల ఊగడం మిగిలింది. పిల్లల ఉయ్యాలల మీద కోట్లు వేసుకుని మా ఆవిడా, ఆ పిల్లా, వెనక నుంచి ఊపడానికి నేను. పుట్టుకతోనే ఊపు లేని మనిషిని నేను, నన్ను ఊపమంటే ఏం ఊపుతాను! అయినా ఊపాను. కుక్కని తిప్పుతున్న ఒక పెద్దాయన ఆగి హ్యాపీ బర్త్‌డే అన్నాడు. ఎవరిది అని అడిగే లోపల నేను థాంక్యూ అనేశాను. మా ఆవిడ గాల్లో ఉండగానే నవ్వింది.

పర్మిట్ రాలేదు. క్రిస్మస్ ముందు ఆ అమ్మాయి వెళ్ళిపోయింది. ఎయిర్‌పోర్టులో పెట్టె బరువెక్కువైతే బూట్లు తీసింది, పుస్తకాలు తీసింది; అడుగున పాత చీరలో చుట్టి ఉన్నది మాత్రం తియ్యనంది. మా ఆవిడ గోడ మీది బోర్డు చదువుతున్నట్టు అటు తిరిగి నిలబడింది. మళ్ళీ అట్లతద్దెకి ఆవిడా లేదు.

బుట్ట ఉయ్యాలని ఊపుతూ ఇదంతా తలుచుకుంటుంటే ఫోన్ టింగుమంది. ఆ అమ్మాయి పంపిన ఫోటో: ట్యాంకు పక్కన చంద్రుడు. నిరుడు కూడా పంపింది. ఇవాళ అట్లతద్దె అని నాకు అప్పుడే తెలిసింది. తిథులన్నీ మా ఆవిడ చూసుకునేది, ఇప్పుడు నాకు చెత్తబండి వచ్చే వారం తప్ప ఏదీ గుర్తుండదు. మనవరాలు బుట్టలోంచి మెడ చాచి, “తాతా, ఈజ్ దట్ అవర్ మూన్?” అంది. అవునన్నాను.

మట్టి పోయింది, గొలుసులు పోయాయి, బెంచీల మీద కూర్చుని ఇంటికి ఫోన్ చేసుకునే పిల్లలూ పలచబడ్డారు. పార్కులో ఎవరూ పడరు, పడినా దెబ్బ తగలదు. మంచిదే.

ఇంటికొచ్చాక మా అమ్మాయి రాత్రికి ఏం తింటావు నాన్నా అంటే, అట్లు పోద్దామన్నాను. పోయడం నాకు రాదు, అయినా అన్నాను. పెనం కోసం అల్మారాలన్నీ తెరిచాను, స్టవ్ కింద సొరుగు లాగాను. చాలాసేపు వెతికాక అర్థమైంది, ఆ రోజు ఎయిర్‌పోర్టులో పాత చీరలో ఉన్నది ఏమిటో.