గొర్రెలకు ఆధార్ అడిగిన మైకు

ఒక్క దెబ్బ కొట్టకుండా, ఒక్క తిట్టు తిట్టకుండా, ఒక ఊరు ఊరంతటినీ ఒక్క పూటలో చేన్లలోకి తరిమిన మనిషిని మీరు ఇంతవరకూ చూసి ఉండకపోతే, ఇదిగో, నేనే. ఆ ఊరి పేరు మాత్రం అడక్కండి. ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే దారిలో కాస్త లోపలికి ఉంటుంది. అంతకంటే ఎక్కువ చెబితే, ఈమధ్యే మళ్ళీ నాకు టీ పోస్తున్న అక్కడి హోటలాయన మనసు మార్చుకుంటాడు.

నా పేరు ఖాజా. ఆదోనిలో నాకు మైకు సెట్టు అంగడి ఉంది. పెళ్ళి కానీ, ఉరుసు కానీ, జాతర కానీ, ఎన్నికలు కానీ, చిప్పగిరి నుంచి కోడుమూరు దాకా నా ఆటో మీద రెండు హారన్లు కట్టుకుని తిరగని ఊరు లేదు. అప్పట్లో నాకు నా గొంతంటే మహా గర్వం. నేను "గ్రామ ప్రజలారా" అంటే బర్రెలు కూడా నెమరు ఆపి వింటాయని మా ఇంటామెతో అనేవాణ్ణి. భయపడి ఆపుతాయేమో కనుక్కోమని ఆమె అనేది. కళాకారులకు ఇంట్లో గుర్తింపు ఉండదు కదా, అలా సరిపెట్టుకునేవాణ్ణి.

కరోనా రెండోసారి వచ్చి, అప్పుడప్పుడే కాస్త తగ్గుముఖం పడుతున్న రోజులవి. పెళ్ళిళ్ళు లేవు, జాతరలు లేవు. నా హారన్లలో పిచ్చుకలు కాపురం పెట్టే పరిస్థితి. ఉన్న పనల్లా కరోనా చాటింపులే. మాస్కు పెట్టుకోండి, దూరంగా నిలబడండి, టీకా వేయించుకోండి.

ఇక ఆ ఊళ్ళో టీకా గురించి జరిగిన చర్చ సంగతి చెప్పాలి. టీ హోటలు ముందు పొద్దున మొదలయ్యేది, ఎండ ఎక్కేదాకా సాగేది. వేసుకుంటే జ్వరం వస్తుంది కాబట్టి అది మందు కాదు, రోగమే అని ఒకాయన. వేసుకున్న మగవాళ్ళకు పిల్లలు పుట్టరని ఇంకొకాయన. ఆయనకు అప్పటికే ఆరుగురు. ముసలివాళ్ళను తగ్గించి పింఛన్లు మిగుల్చుకోవడానికే ఈ ఏర్పాటని మరొకాయన ఫోన్లో వీడియో చూపించేవాడు. వీళ్ళందరికీ ఒక్కతే జవాబు చెప్పేది. నర్సు సుశీలమ్మ. జ్వరం ఒకటి రెండు రోజులు రావచ్చు, చెయ్యి నొయ్యచ్చు, టీకా వేసుకున్నా కరోనా అసలే రాదని చెప్పను, కానీ వస్తే ప్రాణం మీదకు రాకుండా చాలావరకు కాపాడుతుంది అని ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. మూడు వారాలు తిరిగి, తిట్లు తిని, చివరికి నలభై మందిని ఒప్పించి పేర్లు రాసుకుంది.

నేను ఏ పక్షమంటారా? మైకులో సుశీలమ్మ పక్షం. మైకు కట్టేశాక, హోటలు బెంచీ మీద మాత్రం "ఏమో లేప్పా, ఇంగొన్ని దినాలు సూద్దాం" అనే పక్షం. నాకప్పటికి నలభై ఆరేళ్ళు. నలభై ఐదు దాటినవాళ్ళకు టీకా వరస వచ్చి రెండు నెలలైంది. వేసుకోలేదు. సూదంటే నాకు చిన్నప్పటి నుంచీ చచ్చేంత భయం. ఈ ముక్క ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగనూ లేదు. రోజంతా టీకా గురించి అరిచేవాడు వేసుకునే ఉంటాడని అందరూ అనుకున్నారు.

సుశీలమ్మ టీకాల రోజు పెట్టుకుంది, బడిలో. సరిగ్గా అదే రోజు పశువుల డాక్టరు కూడా ఆ ఊరి గొర్రెలకు చిటుకు రోగం రాకుండా టీకాలు పెట్టుకున్నాడు, ఊరి బయట కళ్ళంలో. చాటింపు పని ఇద్దరూ నాకే చెప్పారు. అక్కడే నా తెలివి పని చేసింది. నా తెలివి పని చేసిన ప్రతిసారీ ఎవరికో ఒకరికి నష్టం జరుగుతుందని మా ఇంటామె ముందు నుంచీ అనేది.

రెండు చాటింపులూ ఒకదాని తర్వాత ఒకటి ఒకే పెన్‌డ్రైవులో పెడితే ఒకే తిరుగుడుతో పనైపోతుంది కదా అనుకున్నాను. నా గొంతు ఫోన్లో రికార్డు చేసి, అందులోనే ముక్కలు కోసి, అతికించి, వెనకాల షహనాయి కూడా కలిపాను. అతికించాక ఒకసారి వినాలి. వినలేదు. నా గొంతు నేను మళ్ళీ విని సరిచూసుకునేదేముంది అనుకున్నాను.

పొద్దున్నే ఊళ్ళోకి వెళ్ళి చాటింపు మొదలుపెట్టాను. హారన్ల కింద కూర్చుంటే చెవులు దిమ్మెక్కుతాయి కాబట్టి రెండు చెవుల్లోనూ దూది కుక్కుకోవడం నా అలవాటు. పత్తి మిల్లుల ఊరు కదా, ఆదోనిలో ఇంకేది కరువైనా దూదికి కరువు లేదు. ఆ దూదితో, ఆ ధీమాతో వీధి వీధీ తిరిగాను.

ఆ రోజు జనం స్పందన నేను జన్మలో చూడలేదు. పని చేసుకుంటున్నవాళ్ళు పని వదిలేసి ఆటో వైపే చూస్తున్నారు. ఆడవాళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. ఒక పెద్దాయన రెండు చేతులతో రెండు చెవులూ పట్టుకుని లోపలికి పరుగెత్తాడు. నా మాటకు అంత భక్తి చూపిస్తున్నాడనుకుని చెయ్యి ఊపాను. రెండో తిరుగుడుకు వీధుల్లో జనం తగ్గారు. మూడో తిరుగుడుకు అసలు ఎవరూ లేరు. అందరూ టీకాకు పోయినట్టున్నారని మురిసిపోయాను.

అప్పుడు సుశీలమ్మ ఫోను వచ్చింది. మైకు ఆపి, దూది తీసి ఎత్తాను.

"ఖాజన్నా, యాడుండావు?"

"మూడో సుట్టు తిరుగుతాండా నర్సమ్మా. జనం అదిరిపోతాండారు."

"అదిరిపోయినారు లే. ఒకసారి బడి కాడికి రా. నాకు గొర్రెలొచ్చినాయి."

ఆమె గొంతులో కోపం లేదు. దానికే నాకు భయమేసింది.

బడికి వెళ్ళేసరికి వరండా నిండా గొర్రెలు. వాటి నడుమ కుర్చీలో సుశీలమ్మ, ముందు మందు పెట్టె. ఎదురుగా ఈరన్న, చేతిలో ఆధార్ కార్డు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆ ఊళ్ళో పెద్ద మంద ఆయనదే. ముందున్న పొట్టేలు మూతికి పచ్చ గుడ్డ మాస్కు కట్టి ఉంది. నన్ను చూడగానే ఈరన్నకు ధైర్యం వచ్చింది.

"బాగొచ్చినావన్నా. వీటికి ఆధార్ ల్యాదు. నా కార్డు మీదనే అన్నిటికీ రాయమని నర్సమ్మకు నువ్వన్నా సెప్పు."

నేను పొట్టేలు మాస్కు వైపు చూశాను. ఆయనే మళ్ళీ అన్నాడు.

"ఇంగొగటి. నలభై ఐదేండ్లు దాటినవాటికే అంటివి. మా పొట్టేలుకు మూడేండ్లే. అయినా మందలో ఇదే పెద్దది."

సుశీలమ్మ నా ఆటో వైపు చూసి, ఇప్పుడు చెవుల్లో దూది లేదు కదా, ఒకసారి పెట్టుకుని విను అంది. పెట్టాను. షహనాయి మోగింది. తర్వాత నా గొంతు, తేనెలో ముంచినట్టు, ఇలా చెప్పింది:

"గ్రామ ప్రజలారా, కరోనా మహమ్మారి నుంచి మీ ప్రాణాలు కాపాడుకోండి. టీకా కోసం అందరినీ ఊరి బయట కళ్ళంలోకి తోలుకుని రండి. సూది వేసేటప్పుడు కదలకుండా ఇద్దరు మనుషులు కాళ్ళు గట్టిగా పట్టుకోవాలి. వేసినవాటికి గుర్తుగా చెవికి ఎర్ర రంగు పూస్తారు. చూడివాటిని, చిక్కినవాటిని వేరు చేయండి."

అది మొదటిది. రెండోది గొర్రెలది. చిటుకు రోగం నుంచి మీ గొర్రెలను కాపాడుకోండి, నలభై ఐదేళ్ళు దాటినవారు మాస్కు పెట్టుకుని, ఆధార్ కార్డుతో బడికి వచ్చి, ఒకరికొకరు ఆరడుగుల దూరంలో నిలబడండి అని. మనుషుల తలకు గొర్రెల తోక, గొర్రెల తలకు మనుషుల తోక అతికించి, రెండు గంటల పాటు ఊరంతా వినిపించాను.

సుశీలమ్మ నెమ్మదిగా చెప్పింది. ధైర్యం చేసి కొందరు కళ్ళం దాకా పోయారట. అక్కడ పశువుల డాక్టరు చేతిలో, గొర్రెలకు వేసే ఆ లావుపాటి సూదినీ, పక్కనే ఎర్ర రంగు డబ్బానూ చూశారట. అంతే. గొర్రెల మందే మనుషులకూ వేస్తున్నారని హోటలు ముందు ఎప్పటి నుంచో ఉన్న అనుమానం రుజువైపోయింది. ఇళ్ళకు తాళాలు వేసుకుని, పిల్లాజెల్లాతో సహా చేన్లకు పోయారు.

"మూడు వారాలు తిరిగినానన్నా," అందామె. పేర్లు రాసుకున్న కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. ఆ మడత చూస్తుంటే నవ్వు రాలేదు నాకు. మీకూ వద్దు, ఒక్క నిమిషం.

ఈరన్నను గొర్రెలతో కళ్ళానికి పంపి, నేనూ సుశీలమ్మా ఆటోలో చేన్ల వెంట బయల్దేరాం. హారన్లు ఆపేసి, నోటితోనే బతిమాలాను. తప్పు నాది, అతుకు తప్పు, మందు తప్పు కాదు అన్నాను. ఎవరూ దగ్గరికి రాలేదు. ఆటో చప్పుడు వినపడితే చాలు, చెవులు మూసుకుని కంచె అవతలికి దూకుతున్నారు. టీ హోటలాయన అయితే, మైకులో వచ్చింది అబద్ధమైతే ఇప్పుడు నోటితో చెప్పేది నిజమని ఎట్లా నమ్మాలి అని దూరం నుంచే అడిగాడు.

పారిపోని మనిషి ఒక్కతే, ఈరన్న తల్లి నాగమ్మవ్వ. గట్టు మీద కూర్చుని ఉంది. నన్ను పిలిచి పక్కన కూర్చోమంది.

"మా అక్క ఎమ్మిగనూర్లో పోయింది, పోయిన నెల. ఊపిరాడక పోయింది. మొగం గూడ సూపలే మాకు," అంది. "నీ మైకు మాట నాకొద్దు నాయనా. నీ మాట సెప్పు. నువ్వు ఏసుకుంటివా?"

చుట్టుపక్కల కంచెల వెనక తలకాయలు లేచాయి. సుశీలమ్మ కూడా నా వైపే చూసింది. బీపీ ఉందందామనుకున్నాను. ఆదోనిలో క్యూ పెద్దదందామనుకున్నాను. వేసుకున్నానని ఒక్క అబద్ధం చెబితే అందరూ కదిలి వచ్చేవాళ్ళేమో కూడా. కానీ మొగం కూడా చూపించలేదన్న ఆ మాట విన్నాక నోరు రాలేదు.

"ఏసుకోల్యా అవ్వా. మందు మంచిదే. నాకు సూదంటే భయం."

"అంతే గదా. భయం నాకూ ఉండాది. పద, ఇద్దరం ఏసుకుందాం," అని నా భుజం పట్టుకుని లేచింది.

మేం బడికి చేరేసరికి ఊళ్ళో సగం మంది వెనకే ఉన్నారు. టీకా కోసం కాదు, నాకేమవుతుందో చూడ్డానికి. కుర్చీలో కూర్చున్నాను. సూది కనపడగానే రెండుసార్లు లేచి పోబోయాను. గొర్రెల పని ముగించుకుని వచ్చిన ఈరన్న ఒక్క క్షణం ఆలోచించి, నా ముందు కూర్చుని రెండు కాళ్ళూ గట్టిగా పట్టుకున్నాడు. నేను కళ్ళు మూసుకున్నాను. చేతికి చల్లగా తగిలింది. నా కెరీరులోనే అతి పెద్ద కేక ఆ క్షణంలో బయటికి వచ్చింది. మైకు లేకుండానే కళ్ళంలో పశువుల డాక్టరుకు వినపడిందట.

"ఇంగా దూదితో తుడుస్తాండానన్నా," అంది సుశీలమ్మ.

ఆ మాటకు వరండా అంతా గొల్లుమంది. ఆ నవ్వుల మధ్యలో అసలు సూది ఎప్పుడు పడిందో నాకు తెలియనే లేదు. నాగమ్మవ్వ నా తర్వాత కూర్చుని, రవ్వంత కూడా కదలకుండా వేయించుకుని, అరగంట కూర్చోవాలంటే నా పక్కనే కూర్చుంది. ఆ అరగంటా నలుగురైదుగురు నా కళ్ళలోకి, నోట్లోకి తొంగిచూస్తూనే ఉన్నారు. ఒకాయన నేను ఏమైనా నములుతున్నానా అని కూడా పరీక్షించాడు. నేను చావలేదని రూఢి అయ్యాక, ఒక్కొక్కరే వెళ్ళి సుశీలమ్మ ముందు నిలబడ్డారు. కాగితంలోని నలభై మందిలో ముప్పై మంది పైగానే ఆ సాయంత్రం వేయించుకున్నారు.

మిగిలినవాళ్ళు ఊరికే ఉన్నారనుకోకండి. ఆ రాత్రి నుంచి నాకు జ్వరం వచ్చింది, సుశీలమ్మ చెప్పినట్టే. ఆ సంగతి ఎలా తెలిసిందో, రెండు రోజుల పాటు ఆ ఊరి నుంచి గంటకొక ఫోను. పలకరింపు ఏమీ లేదు. "ఉండావా?" అని అడగడం, ఉన్నానంటే పెట్టేయడం. చివరికి మా ఇంటామే ఎత్తి, ఉన్నాడు, అన్నం కూడా తింటున్నాడు అని చెప్పడం మొదలుపెట్టింది. మూడో రోజుకు జ్వరం పోయింది. ఆ వారంలోనే ఆ మిగిలినవాళ్ళూ, టీ హోటలాయనతో సహా, పోయి వేయించుకున్నారని సుశీలమ్మ చెప్పింది.

ఇక్కడితో నా పరువు కథ అయిపోయిందనుకున్నాను. పది రోజుల తర్వాత సి.బెళగల్ వైపు నుంచి ఒక సర్పంచి ఫోను చేశాడు. తమ ఊళ్ళో కూడా టీకా చాటింపు వేయాలన్నాడు. ఈసారి చాలా జాగ్రత్తగా చేస్తానని, రెండుసార్లు విని మరీ తెస్తానని నేను ఒకటే ప్రమాణాలు. ఆయన చివరిదాకా విని అన్నాడు:

"వద్దప్పా. సక్కగుండేది ఎవురూ ఇనరు. ఆ గొర్రెలదే తీసుకొని రా."

ఇవ్వలేదు. ఎంత అడిగినా ఇవ్వలేదు. అందుకే ఈ పేజీ సాక్షిగా, మా ఇంటామె సాక్షిగా ఒట్టు పెట్టి చెబుతున్నాను: నా నోటి నుంచి వచ్చే ఏ మాటైనా ఇకమీద ఊరి చెవుల్లో పడేముందు నా చెవుల్లో పడుతుంది. నేను పొడిపించుకోని సూది గురించి ఒక్క ముక్క చాటను. గొర్రెలనూ మనుషులనూ ఈ జన్మలో ఒకే పెన్‌డ్రైవులో పెట్టను. మేకలనైనా సరే.