పత్తికాయ గిన్నెల కోసం నారాయణగూడకి

ఇది కోపంతో రాస్తున్నాను. దారి వివరాలు మాత్రం సరిగ్గానే ఉంటాయి.

అశోక్‌నగర్‌లోని స్టూడియోలో నాకు రెండేళ్లు పింగాణి పని నేర్పిన సార్ నారాయణగూడలో ప్రదర్శన పెట్టారని తెలిసి, వరంగల్‌లో పొద్దున్నే బండెక్కాను. సికింద్రాబాద్‌లో దిగి మెట్రోలో చిక్కడపల్లి చేరి, ముందు ఇడ్లీ తిన్నాను. ఎదుటి కుర్చీలో పోటీ పరీక్షల పుస్తకం తెరుచుకున్న అమ్మాయి, "అక్కా, జర ఆ చట్నీ ఇటియ్యవా" అంది తలెత్తకుండానే. అక్కణ్ణుంచి హాలుకి నడిచే వెళ్లాను. పదకొండయింది. టికెట్టు లేదు.

గోడవారన సార్ పింగాణి కప్పులున్నాయి. వెనక వేలు పెడితే నీడ కనిపించేంత పల్చన. నాకు ఎప్పటికీ అందని పని అది. వాటిని దాటి మధ్య బల్ల దగ్గరికి వచ్చి ఆగిపోయాను.

అక్కడున్నవి నా గిన్నెలు. బాగా ఎక్కువ వేడిలో కాల్చిన గోధుమరంగు గట్టి మట్టి, లోపల తెల్లటి పూత, నాలుగు పాయలుగా విచ్చుకున్న అంచు. మా చేలో పగిలిన పత్తికాయను చూసి చేశాను. పూత వేశాక, బట్టీలో పెట్టకముందే ఊరికి వచ్చేయాల్సి వచ్చింది. ఇప్పుడు ఒకదాన్ని తిప్పి చూస్తే అడుగున సార్ సంతకం. పక్కన కార్డు మీద, 'జపాన్ చెర్రీ పూల స్ఫూర్తితో'.

"సార్, ఇవి నేను చేసినయి కదా?"

ఆయన నవ్వారు. "మట్టి నాది, బట్టీ నాది. నా దగ్గర నేర్చుకున్నదేగా పద్మా నువ్వు చేసింది? కళలో అందరి మీదా ఎవరో ఒకరి ప్రభావం ఉంటుందమ్మా."

"ఇది పత్తికాయ సార్. చెర్రీ పువ్వంటరేంది?"

"పత్తికాయంటే ఎవరు చూస్తారు?"

ఒళ్లు మండిపోయింది. చూడవచ్చినవాళ్ల కోసం మూలన ఒక కుమ్మరి సారె పెట్టారు. వెళ్లి దాని ముందు కూర్చున్నాను. మట్టిముద్ద తిప్పి గిన్నె లేపి, అంచును నాలుగుచోట్ల బొటనవేలితో విడదీశాను. జనం మూగారు.

"అచ్చం ఆ బల్ల మీదవాటిలాగే ఉందే!" అన్నారొక పెద్దావిడ.

ఇక అందరికీ అర్థమవుతుందనుకున్నాను. సార్ ముందుకొచ్చి నా భుజం మీద చెయ్యేసి, "మా శిష్యురాలు" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు, ఆయన వైపు తిరిగి.

పచ్చి గిన్నెను పిడికిలితో అణిచేశాను. చప్పట్లు ఆగాయి.

"ఆ బల్ల మీదియి నేను చేసిన. వాటి మీద మీ పేరెట్ల రాసుకుంటరు సార్?"

పెద్దావిడ ఒక గిన్నె తిప్పి సంతకం చూసి, నా వైపు చూశారు. "తర్వాత మాట్లాడదాం" అన్నారు సార్ నేలచూపులు చూస్తూ. కార్డు మాత్రం తీయలేదు. చేతులు కడుక్కోకుండానే బయటికొచ్చేశాను.

తిరుగు బండిలో పక్కసీటు ఆవిడ అడిగింది: "చేతులకు ఆ మట్టేందక్కా, పొలం పనా?"

"కాదు. గిన్నెలు చేస్త" అన్నాను.

ప్రదర్శన ఇంకా నడుస్తోంది. నారాయణగూడ మెట్రోలో దిగితే నడకే. సార్ పింగాణి కప్పులు తప్పక చూడండి, గొప్ప పని. మధ్య బల్ల మీద గోధుమరంగు గిన్నెలుంటాయి. అవి పువ్వులు కావు, పత్తికాయలు. వాటిని చేసింది పద్మ.