ప్రసన్నకుమారి చెవి

ఏలూరులో పాండురంగారావు గారి చేపల కంపెనీకి ప్రసన్నకుమారి టెలిఫోన్ ఆపరేటరు. పొద్దున్నే తడిగుడ్డ పట్టుకుని గదిగదికీ తిరిగేది. ఫోన్లు తుడిచి, ఒక్కో రిసీవరూ ఎత్తి కాసేపు వినేది.

"అందులో దేవుడేమన్నా పలుకుతాడాండీ?" అని కొనుగోళ్ళు చూసే వెంకట్రాజు ఏడిపించేవాడు.

"మీకంటే నయంగానే పలుకుతుందండీ."

2004లో తమ్ముడి పెళ్ళికని మండవల్లి వెళ్ళి తిరిగొచ్చేసరికి ఆమె ఉద్యోగానికే ఎసరొచ్చింది. కొల్లేటి రైతులెవరూ చేపలు తేలేదు. అడిగితే, "మీ కొనుగోళ్ళ గదికి ఫోన్ చేస్తే ఈ వారం వద్దన్నారు కదండీ" అన్నారు. వెంకట్రాజు బల్ల మీద ఫోనేమో అసలు మోగనే లేదు. రైతులు ఫోన్ పెట్టేసిన కాసేపటికే వేరే వ్యాపారి లారీ చెరువు గట్టున ఉంటోందట.

"లైన్లు కలిపేది నువ్వేగా! వెళ్ళేముందు ఏం మార్చావ్?" అన్నాడు పాండురంగారావు. "తేలకపోతే రేపట్నుంచి రావక్కర్లేదు."

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా తడబడలేదు. "ముందు ఫోన్లు తుడుచుకోనివ్వండి" అంది.

వెంకట్రాజు బల్ల మీది ఫోన్ ఆమె ఎత్తగానే గుట్టు దొరికిపోయింది. సాఫీగా రావాల్సిన డయల్ టోను ముక్కముక్కలుగా వస్తోంది. ఆఫీసు లైన్లన్నీ కలిపే ఆ ఎక్స్ఛేంజీ మిషనులో అలా వస్తే, ఆ ఫోనుకొచ్చే కాల్స్ ఎవరో బయటి నంబరుకి మళ్ళించినట్టే.

"మీ సెల్లులోంచి ఈ గదికి చెయ్యండి. స్పీకరు పెట్టండి" అంది పాండురంగారావుతో.

బల్ల మీది ఫోన్ మోగలేదు. సెల్లులో మాత్రం, "కొనుగోళ్ళ విభాగమండీ, చెప్పండి" అంది ఓ గొంతు.

"నరసరాజూ!" గొంతు గుర్తుపట్టి అరిచాడు వెంకట్రాజు.

అవతల ఠక్కున పెట్టేశాడు. పోటీ వ్యాపారి. ఆమె లేని మొదటి రోజే ఈ గదిలో టీ తాగి, "ఒక్క ఫోన్ చేసుకుంటానండీ" అన్న పెద్దమనిషి.

"కాల్స్ మళ్ళించాలంటే మన రహస్య నంబరు నొక్కాలిగా? వాడికెలా తెలిసింది?" అన్నాడు పాండురంగారావు.

"మీ జీపు నంబరేనండీ అది. కలిసొస్తుందని మిషను పెట్టిన రోజు మీరే పట్టుబట్టారు. ఊరంతా చూస్తూనే ఉంది."

ఆమె మళ్ళింపు తీసేసి, కొత్త నంబరు పెట్టి, ఒక్కో రైతుకీ కబురు చేసింది. మధ్యాహ్నానికి వెంకట్రాజు ఫోన్ తెగ మోగడం మొదలెట్టింది.

"కొత్త నంబరేంటమ్మా?" అడిగాడు పాండురంగారావు.

"చెప్పనండి. చెప్తే రేపు మీరు కొనే కొత్త కారు మీద కనబడుతుంది."

"మరి మీరు సెలవు పెడితే?" ఆయన ఆమెని 'మీరు' అనడం అదే మొదలు.

"పెళ్ళి కావాల్సిన తమ్ముళ్ళింక లేరండీ" అని, గుడ్డ పిండుకుని పక్క గదిలో ఫోన్ దగ్గరికి నడిచింది.