మూడు మాటల సమీక్ష

కరోనా తగ్గిన మరుసటి ఏడాది అది. నెల్లూరులో ఒక ఆస్పత్రిలో నేను స్పీచ్ థెరపిస్టుని. పక్షవాతం వల్లో, తలకు దెబ్బ తగిలో మాట పోయినవాళ్లకు మళ్లీ మాట్లాడటం నేర్పడం నా పని. ఆ ఎండాకాలం మైపాడు నుంచి సుధాకర్ గారిని తీసుకొచ్చినారు.

ఆ పేరు తెలియనిదెవరికి? ఆదివారం పేపర్లో టీవీ మీద ఆయన రాసే కాలమ్ కోసం మా ఇంట్లో కొట్టుకునేవాళ్లం. మొదట్లో ఆయన రొయ్యల ధరలు, తుఫాను వార్తలు రాసే విలేకరి. ఊళ్లో టీవీలు తక్కువగా ఉన్న రోజుల్లో మత్స్యకారుల ఇళ్ల ముందు జనంతో కూర్చుని సీరియల్ చూసి, వాళ్లేమన్నారో సరదాగా రాసి పంపినారట. అది అచ్చయింది. ఇంక అదే ఆయన బతుకైపోయింది.

ఇప్పుడాయనకు పక్షవాతంతో కుడి చెయ్యి పడిపోయి, అఫేజియా వచ్చింది. ఎదుటివాళ్లు చెప్పేది అర్థమవుతుంది, చెప్పాలనుకున్నది లోపల ఉంటుంది, మాట మాత్రం నోటికి రాదు. రాయడమూ రాదు. చెంచా బొమ్మ ఉన్న కార్డు చూపించి "ఇదేంది సార్?" అంటే, చెమటలు పట్టేదాకా ప్రయత్నించి కళ్లు మూసుకునేవారు.

"మాటలతోనే బతికిన మనిషమ్మా," అనింది ఆయన భార్య సరోజమ్మ. "అవే లేకపోతే ఇంకేం మిగిలినట్టు?"

నేను ఇంకో కార్డు తీసినాను. వారాలు గడిచినా ఒక్క పదం రాలేదు.

ఒక మధ్యాహ్నం వెయిటింగ్ హాల్లో టీవీ నడుస్తోంది. సీరియల్లో అత్తగారు ఒంటినిండా నగలతో నిద్రలేచి కోడలి వైపు తిరిగింది. ఉరుము. మళ్లీ తిరిగింది. మళ్లీ ఉరుము. సరిగ్గా అప్పుడే నర్సు ఇంజెక్షన్ ట్రేతో వచ్చింది. సుధాకర్ గారు మెల్లగా ఆమె వైపు ముఖం తిప్పినారు. ఆగినారు. కళ్లు పెద్దవి చేసి మళ్లీ తిప్పినారు. మూడోసారికి హాలంతా ఘొల్లుమనింది. నర్సు ట్రే కింద పెట్టేసి నవ్వింది. సరోజమ్మ నవ్వుతూనే ఏడ్చేసింది.

మెదడులో ఎంత దెబ్బ తగిలిందో స్కాన్‌లో నా కళ్లతో చూసినాను. ఆ దెబ్బ ఈ మనిషిని తాకనే లేదు.

మర్నాడు కార్డులు పక్కన పెట్టి, ఫోన్లో అదే సీరియల్ పెట్టినాను.

"సార్, కాలమ్‌కి టైమవుతోంది. ఈ అత్తగారి గురించి ఏం రాస్తారు?"

పెదవులు చాలాసేపు కదిలినాయి. "నగలు..." అన్నారు. తర్వాత "నిద్ర..." బాగున్న ఎడమ చేతిని మెడ మీద వేసుకుని, ఊపిరి బిగబట్టి, "బరువు."

అంతే. వాక్యం లేదు, క్రియాపదం లేదు. కానీ సమీక్ష మొత్తం అందులోనే ఉంది.

ఆ తర్వాత రోజూ సీరియళ్లే మా పాఠం. కొన్ని నెలలకు పేపరువాళ్లు మళ్లీ రాయమన్నారు. ఆయన చెబుతుంటే సరోజమ్మ రాసేది.

"నగలతో నిద్రపోతే బరువుగా ఉండదా, అని నిండుగా రాసినాను, ఉంచేదా?"

ఆయన తల అడ్డంగా ఊపినారు. "వద్దు. చాలు."

ఆమె తనలో తాను చదువుకుని, నవ్వి, కొట్టేసింది. కాలమ్ ఆ మూడు మాటలతోనే అచ్చయింది. ఆ ఆదివారం మా వార్డులో పేపరు మంచం నుంచి మంచానికి చేతులు మారింది.

ఆయనకు నిండు వాక్యం ఇప్పటికీ కష్టమే. నేను మాత్రం మారినాను. ఎవరొచ్చినా కార్డులు తీసేముందు ఇంట్లోవాళ్లను ఒకటి అడుగుతాను: "ఈ మనిషికి దేన్ని చూస్తే నవ్వొచ్చేది?"