రౌటర్‌కు అగరుబత్తి

ఒక్క అగరుబత్తితో నా భార్య ఉద్యోగాన్ని ఎలా తగలబెట్టబోయానో చెబుతాను. మీరు కడుపుబ్బా నవ్వుకోండి. మా స్వరూప ముందు మాత్రం నవ్వకండి, ఆ అగరుబత్తి మీకే గుచ్చుతుంది.

సిద్దిపేటలో మేముండే కిరాయి ఇంట్లో ఫోన్ సిగ్నల్ డాబా ఎక్కితేగానీ దొరకదు. స్వరూపకేమో ఇంటి నుంచే చేసుకునే ఉద్యోగానికి వీడియో ఇంటర్వ్యూ. అందుకని వైఫై తీసుకున్నాం. వైరు లాగిన మనిషిని మధ్యలోనే సాగనంపి, రౌటర్ ముందు నేను కూర్చున్నాను.

"గాయన్నే చెయ్యనియ్యరాదు?" అంది స్వరూప.

"బోరు మోటార్లు విప్పి బిగించెటోన్ని. గీ డబ్బా నాకో లెక్కనా?"

ఏడో తరగతిలోనే చదువును వదిలేసి బడిని బాగుచేసినవాణ్ణి. అయినా పాస్‌వర్డ్ మార్చేశాను. నెట్‌వర్క్‌కు 'దొరగారి గడి' అని పేరు పెట్టాను. ఉండేది కోటలో కాదు, రెండు గదుల్లోనే అనుకోండి, పేరుకు కిరాయి లేదు కదా!

మరునాడు పదకొండింటికి ఇంటర్వ్యూ మొదలైంది. లోపలి గదిలో స్వరూప ఇంగ్లీషు కాలువలా పారుతోంది. ముందు గదిలో నాకు తటాలున గుర్తొచ్చింది. రౌటర్‌కు పూజ చేయలేదు! మా ఊరు చిన్నకోడూరులో ఏ బావికి మోటారు బిగించినా అగరుబత్తి వెలిగించందే నేను స్విచ్ వేయను. అలాంటిది, ఇంటిదాని ఉద్యోగం మోస్తున్న యంత్రానికి బొట్టయినా లేదు!

బొట్టు పెట్టాను. అగరుబత్తి ఎక్కడ గుచ్చాలా అని చూస్తే రౌటర్ వెనక సన్నటి రంధ్రం, సరిగ్గా పుల్ల పట్టేంత! కంపెనీవాళ్ల భక్తికి కళ్లు చెమర్చాయి. రంధ్రం పైకి వచ్చేలా రౌటర్‌ను గోడకు ఆనించి పుల్ల దూర్చాను. లోపల 'టిక్' మంది. పడిపోకుండా గట్టిగా అదిమి పట్టుకుని, కళ్లు మూసుకుని మొక్కాను. తెరిచేసరికి లైట్లన్నీ ఆరిపోయి, మళ్లీ మిణుకుమంటున్నాయి. దేవుడు పలికాడనుకున్నాను.

పలికింది స్వరూప.

"ఏమయ్యా! నెట్ పోయింది!"

"ఎట్ల పోతది? ఇప్పుడే పూజ చేసిన."

"ఏం పూజ? ఫోన్ల నువ్వు పెట్టిన పేరే కనిపిస్తలేదు!"

ఇద్దరం డాబా మీదికి పరుగెత్తి, వైరు లాగినాయనకు ఫోన్ చేశాం.

"అన్నా, ఎనక బొక్కల ఏమన్న పెట్టినవా?"

"అగరుబత్తి."

అవతల ఆయన నెత్తి కొట్టుకున్న చప్పుడు వినిపించింది.

"గది రీసెట్ బటన్ అన్నా! ఒత్తి పట్టుకుంటే పేరు, పాస్‌వర్డ్ అన్నీ తుడుచుకపోతయి."

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఆ పూజారిని నేనే.

ఇంతలో స్వరూప ఫోన్ మోగింది. ఇంటర్వ్యూ చేస్తున్న మేడమ్.

"ఏమైందమ్మా? మధ్యలో మాయమైపోయావు?"

స్వరూప నన్ను కొరకొరా చూసి, బొట్టుతో సహా జరిగిందంతా చెప్పేసింది. అవతల ఒకటే నవ్వు. ఇంతకీ ఆ ఉద్యోగం, నెట్ రావడం లేదని ఫోన్లు చేసి తిట్టేవాళ్లకు ఓపికగా జవాబు చెప్పడం.

"ఈయనతో కాపురం చేస్తున్నావంటే మా కస్టమర్లు నీకో లెక్క కాదు. సోమవారం నుంచి పనిలో చేరు" అంది మేడమ్.

అందుకే సకల దేవతల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకపై ఏ యంత్రానికైనా నా దండం దూరం నుంచే. అగరుబత్తి గుచ్చితే అరటిపండుకే గుచ్చుతాను, అదీ స్వరూపను అడిగి.