సమ్మె టెంటు బ్యాటరీ

పొద్దున ఆరుకు పది నిమిషాలు ఉందనగా అంతయ్య గారు మేడ మీది గదిలో లైటు వేస్తారు. ముందు కిటికీ కింద ఉన్న బ్యాటరీ మీది దుమ్మును తడిగుడ్డతో తుడుస్తారు. తరవాత హెడ్‌ఫోన్స్ తగిలించుకుని, రేడియో సెట్టు డయల్‌ను ఎప్పుడూ ఉండే చోటనే నిలిపి, సరిగ్గా ఆరింటికి, రేడియోలో పేరుకు బదులు వాడే తన కాల్ సైన్ మూడుసార్లు చెబుతారు. పది నిమిషాలు వింటారు. రేకుల మీద సన్నగా వాన పడుతున్నట్టుండే గరగర తప్ప చాలా రోజులు ఏమీ వినపడదు. ఆరూ పదికి సెట్టు ఆపి, పాల ప్యాకెట్ కోసం కిందికి దిగుతారు.

ఎల్బీనగర్ చౌరస్తా వెనక వీధిలో వాళ్ల ఇల్లు. కింది వాటాలో మేము అద్దెకుంటాం. మాది గుడివాడ దగ్గర. ఆయనది నల్లగొండ జిల్లాలో చండూరు పక్క పల్లె. దిల్‌సుఖ్‌నగర్ బస్సు డిపోలో ముప్పై ఒక్క ఏళ్లు ఎలక్ట్రీషియన్‌గా చేశారు. అందులో ఎక్కువ కాలం బ్యాటరీ గదిలోనే గడిచింది. ఆయన చొక్కాలన్నిటికీ యాసిడ్ చుక్కలు పడిన సన్నటి చిల్లులు ఉంటాయి. రిటైరయ్యాక కూడా అవే చొక్కాలు.

సర్కారు లైసెన్సు తీసుకుని, ఇంట్లోనే రేడియో సెట్టు పెట్టుకుని ఎక్కడెక్కడి వాళ్లతోనో మాట్లాడే వాళ్లను హామ్‌లంటారు. డిపోకు వచ్చిన ఒక ఇంజనీరు దగ్గర ఆ సంగతి విని, నలభయ్యో ఏట అంతయ్య గారు పరీక్ష రాసి పాసయ్యారు. ఇంగ్లీషు వాక్యాలు కంఠతా పట్టి రాసిన పరీక్ష అది. భార్య లచ్చమ్మ గారు ఎగతాళి చేసేవారట. "ఇంట్ల ఉన్నదానితోని రెండు ముక్కలు మాట్లాడవు. జపానోనితోని మాత్రం పొద్దుగాలనే ముచ్చట్లు" అని. 2007లో ఆవిడ పోయారు. పిల్లలు లేరు. అప్పటినుంచి సెట్టు ముందు కూర్చోవడం పెరిగిందే కానీ, మాట్లాడటం పెరగలేదంటారాయన. ఎక్కువగా వినేవారట.

2011 ఆగస్టులో ఒక రోజు ఇలాగే వింటుంటే, గరగర మధ్యలోంచి ఒక మగ గొంతు ఇంగ్లీషులో పిలవడం వినపడింది. ఇండియా స్టేషన్ ఏదైనా ఉంటే పలకమని అడుగుతోంది. అంతయ్య గారు తనకు వచ్చిన ఇంగ్లీషులో పలికారు. రెండు నిమిషాలయ్యాక ఆ గొంతు ఆగి, "మీరు తెలుగువారాండీ?" అంది.

"అవును సార్. హైదరాబాద్."

"అమ్మయ్య! తెలుగు మాట్లాడి నలభై రోజులైందండీ."

ఆయన పేరు ఉపేంద్ర. ఊరు భీమిలి. ఓడల్లో ఇంజను గది పని చేసి రిటైరైన మనిషి. ఓడ మునిగితే జనం ఎక్కి తప్పించుకునేందుకు నారింజరంగు పడవలుంటాయి. పైన కప్పు, పక్కన చిన్న తలుపు, చూడటానికి పెద్ద మాత్రలా ఉంటాయి. ఆస్ట్రేలియా పడమటి తీరంలో పాతబడి పక్కన పడేసిన అలాంటి పడవ ఒకటి ఆయనకు దొరికింది. ఇంజను తీసేసి, సైకిలు పెడల్స్ బిగించి, పైన చిన్న తెరచాప కట్టి, రేడియో కోసం ఒక సోలార్ పలక పెట్టుకున్నారు. అందులో ఒక్కరే హిందూ మహాసముద్రం దాటి మారిషస్ పోతున్నారు. వాళ్ల ముత్తాత అన్నగారు ఎప్పుడో కోరంగి రేవులో ఓడెక్కి మారిషస్ చెరుకు తోటలకు కూలికి వెళ్లి, మళ్లీ రాలేదట. ఆయన కోసం ఇంత దూరం ఇలా పోవాలా అని అంతయ్య గారు అడగలేదు. ఎవరినీ అలాంటివి అడిగే అలవాటు ఆయనకు లేదు.

ఉపేంద్ర గారి శాటిలైట్ ఫోను నీళ్లలో తడిసి పాడైంది. ఇక మిగిలింది రేడియో ఒక్కటే. అందుకని ఇద్దరూ ఒక ఏర్పాటు చేసుకున్నారు. పొద్దున ఆరింటికి ఉపేంద్ర గారు తానెక్కడున్నదీ చెబుతారు. అంతయ్య గారు దాన్ని దిల్‌సుఖ్‌నగర్ నెట్ సెంటర్ నుంచి మారిషస్ తీరం కాపలా వాళ్లకు పంపుతారు. అదే నెట్ సెంటర్లో ఆ దారిలోని గాలివానల వివరం రాసుకొచ్చి మర్నాడు చదివి వినిపిస్తారు. మిగతా సమయం ఏదో ఒకటి మాట్లాడుకునేవారు. వంకాయ కూర గురించి, మోకాళ్ల నొప్పుల గురించి, రెండు వాక్యాలకొకసారి "ఓవర్" అనుకుంటూ. ముగించేటప్పుడు హామ్‌లు "సెవంటీ త్రీ" అంటారు. శుభం, ఉంటాను అన్నట్టు.

"హైదరాబాదులో గొడవలెలా ఉన్నాయండీ? ఓవర్" అని ఒకసారి ఉపేంద్ర గారు అడిగారు.

"గవి గాలిల మాట్లాడొద్దు సార్. రూల్. ఓవర్."

"అవునవును, పొరపాటు. మరి వానలెలా ఉన్నాయి?"

హామ్‌లు రేడియోలో రాజకీయం మాట్లాడకూడదు. అంతయ్య గారు ఆ రూలును బ్యాటరీలో నీళ్లు పోసినంత శ్రద్ధగా పాటించారు. పొద్దున పది నిమిషాలు అలా గడిపి, తొమ్మిదింటికి డిపోలో డ్యూటీకి వెళ్లి, భోజన విరామంలో గేటు ముందు జై తెలంగాణ అనేవారు.

సెప్టెంబరులో తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బొగ్గు బావులు ఆగాయి. వారం తిరక్కుండా బస్సులూ ఆగాయి. డిపోకు తాళం పడింది, గేటు ముందు టెంటు లేచింది. అంతయ్య గారు రోజూ ఆ టెంటులో కూర్చునేవారు. బొగ్గు లేక కరెంటు కోతలు మొదలయ్యాయి. దసరా వారంలో మా వీధికి కోత వేళ మారి, పొద్దున ఆరు నుంచి ఎనిమిది అయింది. ఆ సంగతి ముందుగా ఎవరూ చెప్పలేదు. మొదటిరోజు సరిగ్గా సెట్టు ముందు కూర్చోగానే లైటు ఆరిపోయింది. ఆయన ఇంట్లో ఉన్న పాత బ్యాటరీ డయల్ మీది చిన్న దీపాన్ని వెలిగించింది కానీ మాటను పంపలేకపోయింది. కాసేపటికి ఆ దీపమూ పోయింది.

ఆ రోజంతా ఆయనకు అన్నం సహించలేదట. కొత్త బ్యాటరీ కొందామంటే బంద్, దుకాణాలు తెరవలేదు. డిపో గదిలో తన చేత్తో నీళ్లు పోసి నింపిన బ్యాటరీలు రెండు వందలున్నాయి. తాళంచెవి ఎక్కడ ఉంటుందో ఆయనకు తెలుసు. కానీ సమ్మెలో ఉండి డిపో లోపలికి అడుగు పెట్టడం ఆయన వల్ల కాదు. మిగిలింది టెంటులో మైకుసెట్టుకు పెట్టిన లారీ బ్యాటరీ. దాని బాధ్యత కండక్టర్ జానయ్య గారిది. సాయంత్రం ఆయన దగ్గరికి వెళ్లారు.

"జానన్నా, మైకు బ్యాటరీ జర నాకు ఇస్తవా? పొద్దుగాల తొమ్మిదింటికి తెచ్చిస్త."

"ఎందుకన్నా, ఇంట్ల గూడ స్పీచులు మొదలువెట్టినవా?"

"సముద్రంల ఒక మనిషున్నడు. ఆయనతోని మాట్లాడాలె."

టెంటులో అందరూ నవ్వారు. "ఏ సముద్రం? హుస్సేన్ సాగరా?" అన్నారెవరో.

"హిందూ మహాసముద్రం. చిన్న పడవల ఒక్కడే పోతున్నడు. నేను పలకకుంటే ఇంకెవ్వరు లేరు."

జానయ్య గారు నవ్వు ఆపారు. "ఏ ఊరోడు?"

అంతయ్య గారు ఒక్క క్షణం ఆగారు. నల్లగొండ అన్నా ఎవరూ పోయి చూసేది లేదు. "భీమిలి" అన్నారు.

"అరె, ఆంధ్రోనికా మన బ్యాటరీ!" అని వెనక నుంచి ఒక గొంతు లేచింది. "కరెంటు బందు వెట్టింది ఎందుకన్నా? గాళ్లకు తెల్వాలెననే గద!"

"గాయనకేం తెలుస్తదిరా?" అన్నారు జానయ్య గారు. "నీళ్ల నడుమ ఉన్నడు. గాయనకు బల్బే లేకపాయె." తరవాత అంతయ్య గారి వైపు తిరిగి, "తీస్కపో. తొమ్మిదింటికి మైకు కాడ ఉండాలె. లేటైతే దినమంతా నీ గొంతుతోనే స్లోగన్లు ఒర్లిపిస్త" అన్నారు.

చీకటి పడకముందే బ్యాటరీని సైకిలు క్యారియర్‌కు కట్టి, దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా నడిపించుకుంటూ తెచ్చారు. అప్పుడు రోడ్డు మధ్యలో ఇంకా మెట్రో స్తంభాలు లేవు. బస్సుల్లేని ఆ రోడ్డు ఎంత వెడల్పో ఆయన మొదటిసారి చూశారట. మర్నాడు ఆరింటికి ఉపేంద్ర గారి గొంతు సన్నగా వినపడింది.

"నిన్న మీరు వినపడలేదండీ. ఓవర్."

"లైను ఖరాబైంది సార్. ఇప్పుడు మంచిగున్నది. ఓవర్."

 ఉపేంద్ర గారు ఎప్పటిలాగే తానెక్కడున్నదీ చెప్పారు. అంతయ్య గారు రాసుకున్నారు.

పదమూడు రోజులు ఆ బ్యాటరీ అలా వస్తూ పోతూ ఉంది. కరెంటున్న వేళ ఇంట్లో చార్జింగ్ పెట్టి, పొద్దున మాట్లాడి, తొమ్మిదింటికి టెంటుకు చేర్చేవారు. టెంటులో వాళ్లకూ అలవాటైంది. "ఏమంటున్నడన్నా మీ సముద్రపాయన?" అని అడిగేవారు. అక్టోబరు నడిమికి డిపో తెరిచారు. దీపావళికి రెండు రోజుల ముందు ఉపేంద్ర గారు మారిషస్ చేరారు. ఆ పొద్దున ఆయన గొంతు వెనక చాలామంది మాటలు వినపడ్డాయట. ఆ రోజు ఇద్దరూ ఎక్కువ మాట్లాడుకోలేదు.

భీమిలికి తిరిగి వచ్చాక కూడా ఉపేంద్ర గారు ఆరింటికి రేడియోలోకి రావడం మానలేదు. అవసరమేమీ లేదు, అలవాటు. 2012 ఫిబ్రవరి చివరలో ఆయన అంతయ్య గారిని చూడటానికి హైదరాబాద్ వచ్చారు. అప్పుడు నేను ఎనిమిదో తరగతి. కాఫీ ఇచ్చి రమ్మని అమ్మ నన్ను పైకి పంపింది. ఉపేంద్ర గారు పొట్టిగా, బాగా నల్లబడి ఉన్నారు. మంచం మీద మారిషస్ చక్కెర ప్యాకెట్ ఒకటి పెట్టి ఉంది. ఆయన వంగి, కిటికీ కింద అంతయ్య గారు కొత్తగా కొనుక్కున్న బ్యాటరీని నిమిరారు.

"ఇదేనాండీ నన్ను బతికించింది?"

"ఇది కాదు సార్. అది టెంటుది."

"ఏ టెంటు?"

"సమ్మె టెంటు. డిపో ముంగట ఏసినం. మైకుసెట్టు బ్యాటరీ అది."

ఉపేంద్ర గారు కాఫీ గ్లాసు అందుకున్నారు కానీ తాగలేదు. "సమ్మెలో మీరూ ఉన్నారా?"

"ఉన్న సార్. మొదటి దినం నుంచి."

"మరి ఆ రోజు లైను పాడైందన్నారు."

"బొగ్గు బాయిలోళ్లు పని బందు వెట్టిండ్రు. అందుకే కరెంటు పోయింది. మాదంతా ఒకటే సమ్మె. గాలిల చెప్పొద్దు గద సార్."

"తరవాత నాలుగు నెలలు రోజూ మాట్లాడుకున్నాం కదండీ."

"అదిగూడ గాలిలనే గద."

ఉపేంద్ర గారు గ్లాసు కింద పెట్టారు. నేను వెళ్లిపోవాలని తెలుసు, అయినా గుమ్మం దగ్గరే నిలబడ్డాను. ఆయన గోడ వైపు చూస్తూ చెప్పారు. "ఆ రోజు ముప్పావుగంట పిలిచాను. తరవాత తలుపు తీసి, కాళ్లు బయటికి పెట్టుకుని కూర్చున్నాను. నడుముకు కట్టుకునే తాడుంటుంది, పడిపోకుండా. అది విప్పేశాను. ఎందుకు విప్పానో ఇప్పటికీ తెలీదండీ. మళ్లీ కట్టుకునేసరికి సాయంత్రమైంది."

 కింద కూరగాయల బండి అతను టమాటా ధర అరుస్తూ వెళ్లాడు.

"నాకు తెల్వదు సార్," అన్నారు అంతయ్య గారు. కిటికీ కింది బ్యాటరీ వైపు చూసి, "తెలిసినా సమ్మె ఆపకపోతుంటిమి. బ్యాటరీ మాత్రం ఒక దినం ముందుగాల తెస్తుంటి" అన్నారు.

ఉపేంద్ర గారు తల ఊపారు. "నిజం చెప్పారు" అన్నారు. భోజనానికి ఉండలేదు. మెట్ల దగ్గర చెయ్యి కలిపి, "సెవంటీ త్రీ, అంతయ్య గారూ" అన్నారు. ఆ మాటను ఎదురుగా నిలబడ్డ మనిషికి చెప్పగా నేను విన్నది అదొక్కసారే.

మర్నాడు ఆరింటికి అంతయ్య గారు పిలిచారు. ఉపేంద్ర గారు రాలేదు. రైల్లో ఉండి ఉంటారనుకున్నారు. ఆ మర్నాడూ రాలేదు, ఆ తరవాత కూడా.

రెండేళ్లకు తెలంగాణ రాష్ట్రం వచ్చిన రోజు పొద్దున కూడా అంతయ్య గారు ఆరింటికి పిలిచి, పది నిమిషాలు విని, తరవాతే జెండా పట్టుకుని చౌరస్తాకు వెళ్లారు. టపాసుల చప్పుడుకు ఏమీ వినపడి ఉండదు.

భీమిలి ఫోన్ నంబరు ఆయన దగ్గరుంది. ఫోన్ చెయ్యొచ్చు కదా అని ఈ మధ్య అడిగాను. అప్పటికి నా ఎం.ఏ. కూడా అయిపోయింది కానీ, ఆ మాట అడగడానికి అన్నేళ్లు పట్టింది.

"ఫోన్ల ఏం మాట్లాడాలె బిడ్డా?" అన్నారు. "గాలిల అయితే వానల గురించి మాట్లాడుకుంటుంటిమి."

అంతయ్య గారికి ఇప్పుడు అరవై ఏడేళ్లు. పోయిన ఏడు హామ్ లైసెన్సు గడువు తీరితే, మళ్లీ రెన్యువల్ చేయించుకున్నారు.